బొమ్మ కింద రాత కత్తిరించకు

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఫ్రెంచి వలస పాలన మీద కోపం మొదటి పేరాలోనే పొంగిపోయింది. దానికి నేనేమీ అనను. కానీ ఏడు పేజీల్లో బొమ్మ ఊసు వచ్చింది ఒక్క వాక్యంలోనే: "ఈ చిత్రం సామ్రాజ్యవాద భావజాలానికి నిదర్శనం." ఆ వాక్యం ఏ బొమ్మ కిందైనా అతుకుతుంది. మరి ఈ బొమ్మ గురించి నువ్వు చెప్పిందేమిటి?

మళ్లీ చూద్దాం రా. పారిస్ దినపత్రిక 'లె పెతి జుర్నాల్' బొమ్మల అనుబంధం, 1911 నవంబరు 19 ముఖచిత్రం. మరియాన్ అంటే ఫ్రెంచి గణతంత్రానికి వాళ్లిచ్చుకున్న ఆడరూపం, మనకు భరతమాత లాగా. ఆమె సంపదల కొమ్ములోంచి (మన అక్షయపాత్ర లాంటిది) బంగారు నాణేలు పోస్తోంది. కాళ్ల దగ్గర మొరాకో జనం. కింద రాత: ఫ్రాన్స్ ఇక స్వేచ్ఛగా మొరాకోకి నాగరికతను, సంపదను, శాంతిని తీసుకుపోగలదు అని.

నువ్వు "నాగరికత" పట్టుకుని రెండు పేజీలు లాగావు. అది అందరూ పట్టుకునేదే. నా కన్ను "స్వేచ్ఛగా" దగ్గర ఆగింది. ఎవరికి స్వేచ్ఛ? మొరాకో వాళ్లకు కాదుగా! అంతవరకు అడ్డుపడిందెవరు? జర్మనీ. ఆ జులైలో మొరాకోలోని అగాదిర్ రేవుకి 'పాంథర్' అనే యుద్ధనౌకను పంపింది. నవంబరు 4న బేరం కుదిరింది. మొరాకో జోలికి రాకుండా ఉన్నందుకు ఫ్రాన్స్ ఆఫ్రికాలోని తన వలస కాంగోలోంచి కొంత నేల జర్మనీకి రాసిచ్చింది. పదిహేను రోజులకే ఈ బొమ్మ. నాణేలు గలగలా రాలుతున్నాయి గాని, ఆ బేరానికి బలైన కాంగో మచ్చుకైనా కనిపించదు. మరుసటి ఏడు మార్చి 30న ఫెజ్ ఒప్పందంతో మొరాకో ఫ్రాన్స్ సంరక్షణ కిందికి పోయింది.

నీకు చెబుతున్నాను గాని, నేనూ బోర్లాపడ్డవాణ్నే. అదే పత్రికలో 1898 జనవరి 16న ఆన్రీ మేయర్ వేసిన బొమ్మ ఒకటుంది. చైనా అనే రొట్టెను రాజులందరూ పంచుకుంటున్నారు. జర్మనీ చక్రవర్తి కత్తి దించేశాడు, విక్టోరియా రాణి అతని వంక గుర్రుగా చూస్తోంది, వెనక చైనా అధికారి చేతులెత్తి గగ్గోలు పెడుతున్నాడు. ఎక్కడో మసకగా అచ్చయిన చిన్న బొమ్మ చూసి, మరియాన్ కూడా కోస్తోందని రాసేశాను. ఒక పాఠకుడు కార్డు ముక్క రాశాడు: "అయ్యా, ఆమె చేతిలో కత్తి లేదు." నిజంగానే లేదు. రష్యా చక్రవర్తి జారు పక్కన, అతని భుజానికి ఆనుకుని బుద్ధిమంతురాల్లా నిలబడింది. నా వాదం కూలిపోయిందనుకుని వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. తర్వాత తేదీలు చూస్తే అసలు సంగతి బయటపడింది: ఆ ఏప్రిల్‌లోనే, బొమ్మలో కత్తి పట్టని ఆ ఫ్రాన్సే చైనా దక్షిణ తీరాన గువాంగ్‌జౌవాన్ పుచ్చుకుంది. లేని కత్తి మీద రాయాల్సిన వ్యాసాన్ని, ఉందనుకున్న కత్తి మీద రాసి పాడుచేసుకున్నాను.

ఇంకో మాట. 'లె పెతి జుర్నాల్' గొప్పవాళ్ల పత్రిక కాదు. ఐదు సెంటీములకి అమ్మేవారు, 1890ల్లో పది లక్షల ప్రతులు పోయేవి. కొన్నది మామూలు జనం. అలాగని "ఫ్రెంచివాళ్లంతా" అని రాయకు. 1901లో మొదలైన 'లాసియెత్ ఓ బెర్' అనే ఫ్రెంచి వ్యంగ్య పత్రిక వలస సైన్యాల ఆగడాలను బొమ్మల్లోనే ఎండగట్టింది. 1922లో పారిస్‌లోనే 'లె పారియా' అనే వలస పాలన వ్యతిరేక పత్రికకు వియత్నాం కుర్రాడొకడు వ్యంగ్యచిత్రాలు వేశాడు. అప్పుడతని పేరు న్గుయెన్ ఐ క్వోక్, తర్వాత హో చి మిన్. వీళ్లకు నీ వ్యాసంలో ఒక్క పేరా అయినా దక్కాలి.

అన్నట్టు, మీ తాతగారు యానాంలో ఫ్రెంచి బడిలో చదివారని ఉత్తరంలో రాశావు, వ్యాసంలో మాత్రం ఆ ఊసే లేదు. 1954 దాకా అక్కడ ఎగిరింది ఆ జెండానే కదా. ఆయన వాచకంలో ఏ బొమ్మలుండేవో ఎప్పుడైనా అడిగావా? గుర్తున్నంత వరకు చెప్పించుకో, తారీఖులు తప్పినా ఫరవాలేదు.

ఈసారి పంపేటప్పుడు బొమ్మ కూడా జతచెయ్యి. అంచులతో సహా, కింద రాతతో సహా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు