మిన్ ఫాంగ్‌లే కంచు పాత్రకు, దాని మూతకు దాదాపు వందేళ్ల ఎడబాటు ఎందుకొచ్చింది?

ఒక వ్యాపారి పాత్రను పట్టుకుపోవడం, మూత మాత్రం ఊళ్లో ఉండిపోవడం వల్ల.

మిన్ ఫాంగ్‌లే అంటే మిన్ వంశం వారి నలుచదరపు మద్యపాత్ర. పితృదేవతల పూజకు సుమారు 3,000 ఏళ్ల కిందట పోతపోశారు. 1920 ప్రాంతంలో చైనాలోని హునాన్ రాష్ట్రం, తావోయువాన్‌లో బయటపడింది. మూతను, పాత్రను విడివిడిగా పోతపోస్తారు కాబట్టి ఒకదాన్ని వదిలేసి ఇంకోదాన్ని అమ్ముకోవడం కష్టమేమీ కాదు. పాత్ర చేతులు మారుతూ జపాన్ చేరింది. మూత ఒక సైన్యాధికారి దగ్గరికి వెళ్లి, 1950లలో ప్రభుత్వానికి దక్కింది. ఇప్పుడది హునాన్ మ్యూజియంలో ఉంది.

రెండూ ఒకదానివే అని చెప్పడానికి లోపల చెక్కినట్టున్న అక్షరాలు చూడండి. మూత మీద 8, పాత్ర మీద 6. రెండింట్లోనూ 'మిన్' పేరు, 'ఫు జీ' అనే పితరుడి కోసం చేయించిన పూజాపాత్ర అన్న మాట ఉన్నాయి. మూతలో చేయించినవాడి పేరు అదనం, అంతే తేడా.

యుద్ధంలో విదేశీ సైన్యం దోచుకెళ్లిందని, తర్వాత తిరిగి ఇచ్చేసిందని చాలామంది అనుకుంటారు. అదేం కాదు. పోయింది అమ్మకంలోనే, వచ్చిందీ కొనుగోలుతోనే. 2001లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో పాత్ర ఒక్కటే 92 లక్షల డాలర్లకు పైగా పలికింది. 2014లో మళ్లీ వేలానికి పెట్టబోతుంటే, హునాన్ వాళ్లు ముందే మాట్లాడుకుని కొనేశారు. మూత లేకుండానే అంత ధర పలకడం నిజంగా విచిత్రమే!