ఎండ ముదిరేలోపు పిల్లవాడిని నడవనివ్వు

శ్రీకాకుళం,
ఫాల్గుణ మాసం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నిన్న ఫోనులో నువ్వు మాట్లాడినంతసేపూ వెనక నుంచి బాబు ఏడుపు వినిపిస్తూనే ఉంది. అందువల్ల చెప్పదలచుకున్న మాటలు సగంలోనే ఆగిపోయాయి. తీరిక దొరికినప్పుడు చదువుకుంటావని ఈ ఉత్తరం రాస్తున్నాను. అల్లుడుగారికి, మీ అత్తగారికి కూడా చదివి వినిపించు, ఎందుకంటే ఇందులోని పనులన్నీ నువ్వొక్కదానివే చేయవలసినవి కావు.

వాడు మొండివాడైపోయాడని, మధ్యాహ్నం ముద్ద నోట పెట్టనివ్వడం లేదని, రాత్రి పదకొండు దాటినా కన్ను మూయడం లేదని నువ్వు బాధపడ్డావు. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో పిల్లల మధ్య గడిపినదాన్ని నేను. పద్దెనిమిది నెలల పిల్లవాడి ఏడుపును మొండితనమని ఎన్నడూ అనుకోలేదు. మీ ఇంటి వేళలు నువ్వు చెబుతున్నప్పుడే నాకు కారణం అర్థమైంది. పొద్దున్న ఎనిమిదింటికి లేస్తున్నాడు. వంట, క్యారేజీ, స్నానాలు ముగిసేసరికి నీకు పది దాటుతుంది. అప్పటికి ఎండ వీధిలో నిలబడనివ్వదు కనుక వాడు రోజంతా ఆ మేడమీది రెండు గదుల్లోనే తిరుగుతున్నాడు. సాయంత్రం నాలుగింటికి సోలిపోయి పడుకుని ఆరున్నరకు లేస్తున్నాడు. ఇక రాత్రి నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? పుష్యమాసంలో పదింటి ఎండ కూడా హాయిగానే ఉండేది కాబట్టి ఆ వేళలు మీకు సరిపోయాయి. ఇప్పుడు ఋతువు మారింది, మీ ఇల్లు మాత్రం ఇంకా చలికాలంలోనే ఉంది. ఫాల్గుణం వచ్చాక మన ప్రాంతంలో పసిపిల్లలున్న ఇల్లు పొద్దును చూసుకుని నడవాలి. నేను చెప్పదలచినది ఇదే, మిగిలినవన్నీ దీని వెంట వచ్చేవే.

మొదట సరిచేయవలసింది ఉదయం. రోజుకు పావుగంట చొప్పున ముందు లేపుతూ వస్తే ఎనిమిది తొమ్మిది రోజుల్లో వాడు ఆరింటికి లేవడానికి అలవాటు పడతాడు. కొంచెం గునుస్తాడు, గునవనివ్వు. ముఖం కడిగి, పాలు పట్టి, ఆరున్నరకల్లా మెట్లు దింపితే అయ్యకోనేరు మీకు నాలుగడుగుల దూరం. ఆ వేళకు విజయనగరంలో ఇంకా చల్లగాలి ఆడుతూ ఉంటుంది, బళ్ల రద్దీ మొదలు కాదు. ఎనిమిదిలోపు ఇంటికి చేరితే చాలు. నీటి ఒడ్డున మాత్రం చేయి వదలకూడదు.

పిల్లవాడిని చంకనెత్తుకుని గబగబా ఒక చుట్టు తిరిగి వచ్చి, తిప్పి తెచ్చామని చెప్పే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. వాడిని కింద దింపాలి. దింపితే పది అడుగులు వేసి ఆగుతాడు, రాలిన వేపపువ్వు దగ్గర కూర్చుంటాడు, చీమల బారును చూస్తాడు, లేచి మళ్లీ వచ్చిన దారినే వెనక్కి నడుస్తాడు. వంద గజాల దూరానికి అరగంట పట్టినా పట్టనివ్వు. రావి చిగురు ఎర్రగా మెరిసే రోజులివి, కోయిల కూసిన ప్రతిసారీ వాడు తల పైకెత్తి వెతుకుతాడు. వాడు దేనిని చూస్తున్నాడో నువ్వూ దానినే చూసి, దాని పేరు నిదానంగా, స్పష్టంగా చెప్పు. మా కేంద్రానికి ఒక పిల్లవాడు వచ్చేవాడు. రెండేళ్లు దగ్గరపడుతున్నా అమ్మ, తాత అన్న రెండు మాటలే పలికేవాడు. ఉద్యోగ విరమణ చేసిన వాళ్ల తాతగారు రోజూ పొద్దున్నే వాడిని నాగావళి గట్టు వైపు నడిపించుకువెళ్లడం మొదలుపెట్టారు. రెండు నెలలు తిరిగేసరికి కొంగ, గేదె, నీళ్లు, బండి అంటూ వాడు నా చీర కుచ్చెళ్లు పట్టుకుని లాగి మరీ చూపించడం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. మాట ఆలస్యమైన ప్రతి పిల్లవాడికీ నడకే మందని నేను అనను. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకకపోతే పిల్లల డాక్టరుకు తప్పక చూపించాలి.

అన్నం తినిపించడానికి ఫోను చేతికిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఏడాది వయసు పిల్లలకు తెర అసలు చూపవద్దని, రెండేళ్లు వచ్చాక కూడా రోజుకు ఒక గంట మించనివ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇది నీ మీద కోపంతో రాయడం లేదు. ఒంటిచేత్తో ఇల్లు నడుపుతున్నావు, ఆ పది నిమిషాల ఊరట నీకెంత అవసరమో నాకు తెలుసు. అందుకే ఉదయపు నడకకు అల్లుడుగారు తీసుకువెళ్లాలని అంటున్నాను. ఆ గంటన్నరలో నీ వంట ముగుస్తుంది, ఇంటికి వచ్చిన పిల్లవాడికి తినిపించడానికి నీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. మీ అత్తగారు మోకాళ్ల నొప్పితో మెట్లు దిగలేరు కాబట్టి ఈ పని ఆయనదే.

ఆయనతో ఇంకొక మాట చెప్పు. స్కూటరు ముందు పిల్లవాడిని నిలబెట్టుకుని గంటస్తంభం దాకా తిప్పుకు రావడం ముద్దుగా ఉంటుంది కానీ, ఒక్కసారి బ్రేకు వేస్తే ఏమవుతుందో ఊహించడానికే భయం వేస్తుంది. 9 నెలల నుంచి 4 ఏళ్ల వరకు పిల్లలను ద్విచక్ర వాహనంపై ఎక్కించుకుంటే, నడిపేవారికి వారిని కట్టి ఉంచే బెల్టు, తలకు హెల్మెట్ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది.

ఎనిమిదింటికి ఇంటికి చేరిన పిల్లవాడు ఆకలితో ఉంటాడు. రోజులోని మంచి తిండి అప్పుడే పెట్టు. చోడిపిండి (రాగిపిండి) జావలో పాలు, కాస్త బెల్లం వేసి ఇవ్వవచ్చు, నెయ్యి వేసిన పప్పన్నం పెట్టినా మంచిదే. రెండో తిండి పదకొండున్నరలోపు అయిపోవాలి. ఒంటిగంట ఉక్కపోతలో మనకే అన్నం సహించదు, వాడికెలా సహిస్తుంది? పొద్దున్న వండినది రాత్రికి ఉంచి పెట్టవద్దు, చైత్రం వచ్చాక తిండి త్వరగా పాడవుతుంది.

ఈ కాలంలో వచ్చే పండ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. తాటిముంజ మెత్తగా ఉంటుంది కదా అని ముక్కగా నోట్లో పెడితే జారి గొంతుకు అడ్డం పడుతుంది. తోలు తీసి వేళ్లతో చిదిమి పెట్టాలి. ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. వేరుశనగ గింజలు, జీడిపప్పు గింజగా ఇవ్వనే వద్దు, పొడి చేసి జావలో కలుపు. మామిడిపండు తొడిమ దగ్గరి సొన పెదవులకు తగిలితే పుండు పడుతుంది, కాబట్టి కడిగి, తొక్క తీసి పెట్టు. ఉద్దానం నుంచి మీ ఆడపడుచు జీడిపండ్లు పంపిస్తే వాటికి అంటుకున్న పచ్చి గింజలను వెంటనే విడదీసి వాడికి అందని చోట పెట్టు. ఆ గింజ తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. మా కేంద్రంలో ఒక పాప దానిని కొరికింది, మూతి చుట్టూ బొబ్బలు మానడానికి చాలా రోజులు పట్టింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు వాడు నిద్రలో ఉండాలి. ఈ వయసువారికి రాత్రీ పగలూ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. పగటి నిద్ర మూడింటికి ముగిస్తే రాత్రి ఎనిమిదిన్నరకు కళ్లు వాటంతట అవే మూతలు పడతాయి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే కింది వాటా పిల్లలు సరిగ్గా ఆ వేళకే ఇంటికి వచ్చి మెట్ల మీద పరుగులు పెడతారు. వాళ్లను కసరవద్దు. సాయంత్రం బాబుతో ఆడుకోవడానికి రమ్మని పిలిచి, మధ్యాహ్నం మాత్రం చప్పుడు చేయవద్దని మంచిగా చెప్పు. మీది పైవాటా కాబట్టి స్లాబు వేడి దిగుతుంది. కిటికీకి ముతక నేత గుడ్డ తడిపి కట్టి, వాడికి పలుచని నూలు బనియను ఒక్కటే వేయి. చెమటకాయలు లేచాయని పౌడరు దట్టించవద్దు, చల్లని నీళ్లతో రెండుపూటలా స్నానం చేయించి ఆరనిస్తే తగ్గిపోతాయి.

ఇప్పుడు రాసేది రెండుసార్లు చదువు. ఎండలు మొదలయ్యాయంటే కుళాయి వచ్చినప్పుడే అందరం బకెట్లు, డ్రమ్ములు, గోళేలు నింపి పెట్టుకుంటాం. మీ అక్క కూతురికి పదిహేను నెలలప్పుడు నేను పెరట్లో బకెట్టు సగం నింపి, వీధి తలుపు ఎవరో కొట్టారని వెళ్లాను. రెండు నిమిషాలు కూడా కాలేదు. తిరిగి వచ్చేసరికి పిల్ల బకెట్టు అంచు మీద బోర్లా వాలి ఉంది, కాళ్లు నేలకు అందడం లేదు, ముందరి జుట్టు నీళ్లలో తడుస్తోంది. ఒక్క కేక వేయలేదు, ఒక్క చప్పుడు రాలేదు. ఇరవై ఏళ్లు గడిచినా ఆ దృశ్యం తలచుకుంటే నా చేతులు చల్లబడతాయి. ఈ వయసు పిల్లలకు ఒంటి బరువుతో పోలిస్తే తల బరువెక్కువ. లోపలికి వాలారంటే తమంతట తాము లేవలేరు, జానెడు కంటే తక్కువ నీళ్లైనా ప్రాణం తీస్తాయి. కాబట్టి మూత బిగుసుకునే డ్రమ్ములోనే నీళ్లు పట్టు, వాడిన బకెట్టు వెంటనే బోర్లించు, స్నానాల గది తలుపుకు పైన గడియ పెట్టించు. గడియకు ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే అల్లుడుగారిని వెళ్లి మాట్లాడమను. ఇది వాయిదా వేసే పని కాదు.

సాయంత్రం అయిదున్నర తరువాత మళ్లీ వీధిలోకి దింపవచ్చు. దీపాలు పెట్టే వేళకు దోమలు లేస్తాయి కాబట్టి అప్పటికి ఇంట్లో ఉండి, దోమతెర కింద పడుకోబెట్టండి. ఉరుము వినిపిస్తే ఎక్కడున్నా లోపలికి వచ్చేయండి, చెట్టు కింద నిలబడవద్దు.

ఈ ఋతువులో ఆటలమ్మ పోయడం మామూలే. వేపాకు పక్కన పెట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, మీ అత్తగారి మనసూ నొప్పించవద్దు. కానీ డాక్టరుకు చూపించడం మానకూడదు, జ్వరానికి ఆస్పిరిన్ వేయకూడదు, పొక్కులన్నీ పక్కులు కట్టేవరకు ఇతర పిల్లల దగ్గరకు పంపకూడదు. ఆటలమ్మ రాకుండా వేసే టీకా ప్రభుత్వ పట్టికలో లేదు, పదిహేను నెలలు దాటినవారికి పిల్లల డాక్టర్లు వేస్తారు, అడిగి చూడు. 16 నుంచి 24 నెలల మధ్య వేయవలసిన తట్టు, రుబెల్లా రెండో మోతాదు, డీపీటీ బూస్టరు, పోలియో చుక్కలు, విటమిన్ ఏ మందు పడ్డాయో లేదో కార్డు తీసి చూసుకో. విరేచనాలు పట్టుకుంటే పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొంచెం కొంచెంగా తాగించు, మిగిలితే మర్నాటికి ఉంచకు. నీ పాలు మాన్పించవద్దు. కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, నీళ్లు తాగలేక మగతగా పడి ఉన్నా ఇంటి వైద్యం ఆపి 108కి ఫోను చేయాలి.

ఉగాదికి వస్తామన్నారు, చాలా సంతోషం. ఉదయం బండికే బయలుదేరండి, పదిలోపు ఆముదాలవలసలో దిగేలా చూసుకోండి. అరసవల్లి దర్శనానికి ఆదివారం వద్దు, జనంలో పిల్లవాడు నలిగిపోతాడు, మర్నాడు తెల్లవారుజామున నేనే తీసుకువెళతాను. ఉగాది పచ్చడి వాడికోసం కారం వేయకుండా విడిగా తీసి ఉంచుతాను. పెదనాన్న ఆటో మాట్లాడుకుని స్టేషనుకు వస్తారు. వాడి టోపీ, నీళ్ల సీసా పెట్టె అడుగున సర్దకుండా చేతిసంచిలో పైనే పెట్టుకో. ఏ బండికి వస్తున్నారో రెండు రోజుల ముందే ఫోను చేసి చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ