డీఎంఎస్‌ఓ వెల్ ఏదమ్మా?

చిరంజీవి మాధవికి,

అత్తయ్య ఆశీస్సులు. తరమణిలో ల్యాబ్‌లో చేరుతున్నావని, హెచ్‌ఎల్-60 అనే లుకేమియా (రక్త క్యాన్సర్) కణాల మీద పనని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. అందులో సగం భయమే, అబద్ధమెందుకు. నా సర్వీసంతా ఆ కణాలతోనే గడిచింది మరి.

వాడేమో నువ్వు క్యాన్సర్‌కి మందు కనిపెట్టబోతున్నావని చుట్టాలందరికీ చెప్పేస్తున్నాడు. ముందు వాణ్ణి ఆపు. లుకేమియా కణాలంటే కింది క్లాసులోనే ఉండిపోయి, సంఖ్య మాత్రం పెంచుకుంటూ పోయే పిల్లలని, మందు వేసి వాటిని పై క్లాసుకు పంపడమే నీ పనని చెప్పు. ఎదిగిన తెల్లకణం విభజన మానేసి, తన రోజులు తీరాక పోతుంది. ఆ ఆశ వట్టిదేం కాదు. 1988లో షాంఘై డాక్టర్లు ప్రోమైలోసైటిక్ లుకేమియా ఉన్న 24 మందికి ఆల్ ట్రాన్స్ రెటినోయిక్ యాసిడ్ ఇచ్చినట్టు రాశారు. 23 మందికి ఒక్క ఆ మందుతోనే పూర్తి రెమిషన్ వచ్చింది, అంటే జబ్బు ఆనవాళ్లు పోయాయి. కానీ ఆ జబ్బుకు మూలమైన పీఎంఎల్-రారా జన్యువు హెచ్‌ఎల్-60లో లేనే లేదు. నీ ఫ్లాస్కులో కణాలు మారినంత మాత్రాన వార్డులో మనిషి లేచి కూర్చోడు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. కణాలను మిల్లీలీటరుకు పది లక్షలు దాటనివ్వకు. కల్చర్‌లో కంటికి కనపడకుండా చేరే మైకోప్లాస్మా బ్యాక్టీరియాకి టెస్ట్ చేయిస్తూ ఉండు. రెటినోయిక్ యాసిడ్‌కి వెలుతురు పడదు, ట్యూబుకి ఫాయిల్ చుట్టు. తక్కువ పాసేజ్‌లో ఉండగానే, అంటే ఎక్కువసార్లు కొత్త ఫ్లాస్కుకి మార్చకముందే, కొన్ని వయల్స్ ఫ్రీజ్ చేసి, వీలైతే రెండు బిల్డింగుల్లో దాచు. 2015 డిసెంబరు వానలకు కరెంటు పోయి మా ఇంక్యుబేటర్‌లో ఉన్నవన్నీ చచ్చాయి. లిక్విడ్ నైట్రోజన్ క్యాన్‌లో ఉన్నవే మిగిలాయి.

అసలు ఈ ఉత్తరం డీఎంఎస్‌ఓ గురించి, నీళ్లలో కరగని మందుల్ని కరిగించడానికి వాడే ఆ ద్రవం గురించి.

నేను కొత్తగా చేరినప్పుడు మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు. నాకు మైక్రోస్కోప్ ఫోకస్ చేయడం నేర్పింది ఆయనే. నేలవేము సారం తీసి, అది నీళ్లలో కరగక డీఎంఎస్‌ఓలో కరిగించి, హెచ్‌ఎల్-60 మీద వేశాడు. మిల్లీలీటరు కల్చర్‌కి ప్లేట్‌లో ఒక వెల్‌లో, అంటే చిన్న గుంటలో, రెండున్నర మైక్రోలీటర్లు, ఇంకోదాంట్లో ఐదు, ఇంకోదాంట్లో పది. పోల్చి చూసే కంట్రోల్ వెల్‌లో ఉత్త మీడియం. ఆరో రోజు, కణాలు ఎదిగాయో లేదో చెప్పే ఎన్‌బీటీ పరీక్ష చేశాడు. పీఎంఏ అనే, కణాలను రెచ్చగొట్టే రసాయనం తగిలించి కాసేపుంచితే ఎదిగిన కణం పసుపు రంగు ఎన్‌బీటీని నలుపు తిరిగిన నీలం ముద్దగా మార్చి లోపల పెట్టుకుంటుంది, నువ్వే చూస్తావుగా. కంట్రోల్‌లో కణాలు తెల్లగా, గుండ్రంగా అలాగే ఉన్నాయి. పది మైక్రోలీటర్ల వెల్‌లో ఎటు చూసినా నీలమే. డోసు పెరిగేకొద్దీ నీలం పెరిగింది. గ్రాఫ్ ముచ్చటగా వచ్చింది. ల్యాబంతా స్వీట్లు పంచారు. కాన్ఫరెన్స్‌కి అబ్‌స్ట్రాక్ట్ కూడా వెళ్లిపోయింది.

అక్కడ ఒక పెద్దావిడ పోస్టర్ ముందు నిలబడి, చాలా మర్యాదగా, "డీఎంఎస్‌ఓ ఒక్కటే వేసిన వెల్ ఏది బాబూ?" అని అడిగింది.

తిరిగొచ్చి వేసి చూస్తే అవీ అంతే నీలం. పది మైక్రోలీటర్లంటే ఒక శాతం డీఎంఎస్‌ఓ. డీఎంఎస్‌ఓ ఒక్కటే కణాలను ఎదిగేలా చేస్తుందని చార్లెట్ ఫ్రెండ్ 1971లోనే ఎలుక కణాల్లో చూపించింది, 1978లో కాలిన్స్ బృందం ఇదే హెచ్‌ఎల్-60లో చూపించింది. 1.25 శాతం డీఎంఎస్‌ఓ చాలు, వారం తిరిగేలోపు అవి గ్రాన్యులోసైట్‌లనే ఎదిగిన తెల్లకణాల దారి పడతాయి. ఆయన గీసిన గ్రాఫ్ నేలవేముది కాదు, డీఎంఎస్‌ఓది.

మోసగాడు కాదమ్మా. చదవనివాడూ కాదు, ఆ పేపర్లు ఆయన బీరువాలోనే ఉన్నాయి. రిజల్ట్ అంత బాగా వస్తే ఎవరికి అనుమానమొస్తుంది? తర్వాత కాలేజీలో లెక్చరర్‌గా చేరాడు. పెళ్లిళ్లలో కనపడితే పిల్లల గురించి అడుగుతాడు గానీ ల్యాబ్ మాట ఎత్తడు. నిన్ను తలుచుకుంటే నాకు ఆయనే గుర్తొస్తున్నాడు. నువ్వూ అంతే, మంచి జరిగిందంటే వెంటనే నమ్మేస్తావు.

అందుకని మందు స్టాక్ చిక్కగా చేసుకో. పది మిల్లీమోలార్ రెటినోయిక్ యాసిడ్ స్టాక్ నుంచి ఒక మైక్రోమోలార్‌కి వెళ్తే డీఎంఎస్‌ఓ 0.01 శాతమే పడుతుంది. డోసు ఎంతైనా ప్రతి వెల్‌లో డీఎంఎస్‌ఓ ఒకే కొలతలో ఉండాలి, 0.1 శాతం దాటకూడదు. అంతే డీఎంఎస్‌ఓ ఒక్కటే వేసిన వెల్స్ వేరే, ఏమీ వేయనివి వేరే పెట్టు. 1.25 శాతం వేసినవి కూడా పెట్టు, పరీక్ష పనిచేస్తోందో లేదో అవే చెబుతాయి. ఎన్‌బీటీ ఒక్కదాన్నే నమ్మకుండా ఎదిగిన కణాల పైన కనపడే సీడీ11బీ ప్రోటీన్‌ని ఫ్లో సైటోమీటర్‌లో చూడు. ఇంకో సంగతి, ఫ్రీజ్ చేసేటప్పుడు 10 శాతం డీఎంఎస్‌ఓ వేస్తాం కదా. వయల్ తీశాక కడిగి, కణాలు బాగా తేరుకున్నాకే ప్రయోగం మొదలుపెట్టు.

మొన్న పంపిన ఫొటోలో చేతులకు గ్లవ్స్ లేవు. నీకు బుద్ధుందా? పీఎంఏ ట్యూమర్లను పెంచే మందు, పైగా నువ్వు దాన్ని కరిగించేది చర్మంలోంచి దూరిపోయే డీఎంఎస్‌ఓలో. రేపు కే562 అనే ఇంకో లుకేమియా కణాల్లో హీమోగ్లోబిన్ చూడటానికి బెంజిడిన్ వాడమంటే, వేరే పద్ధతి ఉందా అని అడుగు. అది మూత్రాశయ క్యాన్సర్ తెచ్చే మందు. బాస్ ఏమనుకుంటారోనని మొహమాటపడకు, నా పేరు చెప్పు.

ఆదివారం మాంబళం వచ్చెయ్, తలంటు పోసి అన్నం పెడతా. వచ్చేలోపు ప్లేట్ మ్యాప్ కాగితం మీద గీసి వాట్సాప్‌లో పంపు, డీఎంఎస్‌ఓ వెల్స్‌కి ఎర్ర ఇంకు పెట్టు. అవి కనపడలేదో, రాత్రి పదకొండైనా ఫోన్ చేసి తిడతాను.

నీ అత్తయ్య