భూమి కొన్నారా, తీసుకున్నారా?

సందేహం: "రోడ్డు విస్తరణకు ప్రభుత్వం రైతుల భూమిని కొనుగోలు చేసి నష్టపరిహారం చెల్లించింది" అని ఒక వార్తలో చదివాను. కొన్నప్పుడు ఇచ్చేది ధర కదా, నష్టపరిహారం ఎలా అవుతుంది? ఉత్త 'పరిహారం' అన్నా అదే అర్థమా?

సమాధానం: మీ అనుమానం సరైనదే. కొనడానికి జోడు అమ్మడం. అమ్మను అనే వీలున్నప్పుడే అది అమ్మకం. బేరం కుదిరి, రైతు ఇష్టపడి రిజిస్ట్రేషన్ చేసిస్తే ప్రభుత్వం కొన్నదనే రాయాలి, ఇచ్చిన డబ్బును ధర అనే అనాలి. నోటిఫికేషన్ ఇచ్చి తీసుకుంటే ఆ వీలు ఉండదు. అందుకే పొలం పోయినవాళ్లు "కాలవకు అమ్మాం" అనరు, "మా రెండెకరాలు కాలవ కింద పోయాయి" అంటారు. ఆ 'పోయాయి'లో ఉన్న నిజం మన వార్తల భాషలో కనబడదు. 'సేకరణ' కూడా నాకు మెత్తగానే తోస్తుంది. విరాళాలు, సంతకాలు సేకరిస్తాం, ఇష్టమున్నవాళ్లే ఇస్తారు. అయినా 'భూసేకరణ' చట్టం మాటగా స్థిరపడింది కాబట్టి దాన్ని మార్చనక్కర్లేదు.

ఇది అమ్మకం కాదని చట్టమే ఒప్పుకుంది. 1894 నాటి భూసేకరణ చట్టం మార్కెట్ విలువ మీద 15 శాతం అదనంగా ఇమ్మంది. భూమిని నిర్బంధంగా తీసుకుంటున్నందుకే ఆ అదనం అని అందులోనే రాశారు. 1984లో అది 30 శాతమైంది. 2013 చట్టం దాన్ని 100 శాతం చేసింది. దీని పేరు సొలేషియం, లాటిన్‌లో ఊరట అని అర్థం. తెలుగులో 'ఊరట సొమ్ము' అంటే ఎవరికైనా తెలుస్తుంది.

ఇక పరిహారం అంటే తొలగించడం. దోష పరిహారం, సందేహ పరిహారం అంటాం కదా, అలాగే నష్టాన్ని తొలగించేది నష్టపరిహారం. వాడుకలో ఉత్త పరిహారానికీ ఆ అర్థమే వచ్చింది, రెండూ ఒప్పే. ఎక్స్‌గ్రేషియాతో మాత్రం కలపకండి. అది దయతో ఇచ్చేది. పరిహారం హక్కుగా రావలసింది, 2013 చట్టం పేరులోనే ఆ హక్కు ఉంది.

మీరు చదివిన వాక్యాన్ని "రోడ్డు విస్తరణకు ప్రభుత్వం రైతుల భూమిని తీసుకుని పరిహారం చెల్లించింది" అని రాస్తే సరిపోతుంది.

ఇలాంటి వార్తల్లో 'అవార్డు' కనబడితే పురస్కారం అనుకోకండి. ఎవరికి ఎంత పరిహారమో తేల్చి కలెక్టర్ ఇచ్చే నిర్ణయం అది. 'పరిహార నిర్ణయం' అని రాస్తే చదివేవాళ్లు తికమకపడరు.