ఉప్పు మడుల్లోని జీవుల మీద చదివితే భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది వనస్థలిపురం. మా అమ్మాయి బైపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లమంటే వద్దంటోంది. నౌపడలో అమ్మమ్మ గారింటికి వెళ్లినప్పుడు ఉప్పు మడుల్లో ఎర్రటి నీళ్లు చూసి, అందులో బతికే జీవుల మీద పరిశోధన చేస్తానంటోంది. ఆ నీళ్లు సీసాలో తెచ్చి కిటికీలో పెట్టుకుంటే, కోపం వచ్చి సింకులో పారబోశాను. మైక్రోబయాలజీ డిగ్రీ మేలా, బీటెక్ బయోటెక్నాలజీ మేలా? ఉప్పులో పురుగుల మీద చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?
– ఒక తండ్రి

జవాబు: ముందు ఒక మాట సరిచేయాలి. అవి పురుగులు కావు, బ్యాక్టీరియా కూడా కావు. ఆర్కియా అనే వేరే శాఖకు చెందిన జీవులు. ఆ శాఖ వేరని 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. అప్పటికే పేరు పెట్టేయడం వల్ల వీటిలో ఒకదాని పేరైన హాలోబ్యాక్టీరియంలో పాత పొరపాటు అలాగే మిగిలిపోయింది.

మన ఆవకాయ ఏడాదిపాటు నిలవ ఉండడానికి ఒక కారణం ఉప్పు. అది సూక్ష్మజీవుల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. సముద్రపు నీటిలో ఉప్పు దాదాపు 3.5 శాతం. ఈ జీవులకు 20 శాతం దాటితేనే హాయి. బయటి ఉప్పుకు సాటిగా అవి తమ కణాల నిండా పొటాషియం లవణాన్ని నింపుకుంటాయి. వాటి ప్రొటీన్ల పైభాగంలో ఆమ్లగుణం ఉన్న అమైనో ఆమ్లాలు దట్టంగా ఉండి, అంత ఉప్పులోనూ నీటిని పట్టి ఉంచుతాయి. నీటికి ఎర్రరంగు తెచ్చేది బ్యాక్టీరియోరూబెరిన్ అనే వర్ణకం, ఎండ దెబ్బకు అది వాటికి గొడుగు. మంచినీళ్లు తగిలితే మాత్రం వీటిలో చాలా రకాలు పగిలిపోతాయి. మీరు సింకులో పారబోసి కొళాయి తిప్పినప్పుడు జరిగింది అదే.

ఆ పని మీరు చేయకుండా ఉండాల్సింది. నా దగ్గరికి వచ్చే పిల్లలను ఏమిటి ఇష్టమని అడిగితే చాలామంది ముందు నాన్న ముఖం చూస్తారు. మీ అమ్మాయి తన కళ్లతో ఒక వింతను చూసి, అది ఎందుకలా ఉందని అడిగి, దాన్ని మోసుకుని హైదరాబాద్ దాకా వచ్చింది. ఇన్నేళ్లలో అలాంటి పిల్లలను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇక ‘ఎందుకు పనికొస్తుంది’ అన్నది. 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకీనియస్ అనే శాస్త్రవేత్తలు హాలోబ్యాక్టీరియం కణపు పొరలో బ్యాక్టీరియోరొడాప్సిన్ అనే ఊదారంగు ప్రొటీన్‌ను వెల్లడించారు. వెలుతురు పడితే చాలు, అది ప్రోటాన్లను బయటికి తోడేస్తుంది. అవి తిరిగి లోపలికి వచ్చే ఒత్తిడితో ఆ కణం శక్తిని తయారు చేసుకుంటుంది. ఆ ప్రొటీన్ పొరలో తనంతట తానే వరసలు కట్టి స్ఫటికంలా ఉంటుంది. అందుకే కేంబ్రిడ్జ్‌లో శాస్త్రవేత్త రిచర్డ్ హెండర్సన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ప్రొటీన్ల ఆకారం చూడడానికి దాన్ని ఎంచుకున్నారు. 1975లో తోటి శాస్త్రవేత్త అన్విన్‌తో కలిసి స్థూలరూపం, 1990లో పరమాణువుల స్థాయి నమూనా ఇచ్చారు. ఆ దారి, నమూనాను గడ్డకట్టించి చూసే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి చేరి, 2017 నోబెల్‌లో ఆయనకు వాటా తెచ్చింది. 2020 ఆరంభంలో కరోనా వైరస్ ముల్లు ప్రొటీన్ ఆకారాన్ని చూపించింది ఆ పద్ధతే.

స్పెయిన్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్కో మోహికా కథ మీ అమ్మాయి కథకు ఇంకా దగ్గర. శాంటా పోలా ఉప్పు మడుల్లో దొరికిన హాలోఫెరాక్స్ అనే మరో ఆర్కియా జన్యువులను చదువుతూ, ఒకే వరుస మళ్లీ మళ్లీ రావడం ఆయన గమనించారు. 1993లో ప్రచురించారు. వదలకుండా వెంటపడి, వైరస్‌ల నుంచి కాపాడే రక్షణ వ్యవస్థ అదని 2005లో చెప్పారు. నేడు అందరి నోటా వినిపించే క్రిస్పర్ అదే. దాన్ని జన్యువులను కత్తిరించే సాధనంగా మలిచిన ఇద్దరు మహిళలకు 2020లో నోబెల్ వచ్చింది. ఆదిలాబాద్ ఆదివాసీ కుటుంబాలను పీడించే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకు క్రిస్పర్ చికిత్సను 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించాయి.

అయినా మీ అసలు బెంగ ఇది కాదని నాకు తెలుసు. ‘డాక్టర్ సీటు రాలేదట’ అని చుట్టాలు అంటారేమో, ముప్పై ఏళ్లు వచ్చినా అమ్మాయి చదువుతూనే ఉంటుందేమో అన్నది మీ దిగులు. రెండోది నిజమే, దాచను. డిగ్రీ, ఎమ్మెస్సీకి ఐదేళ్లు, పీహెచ్‌డీకి మరో ఐదేళ్లు. కానీ ఆ రెండో ఐదేళ్లు మీ జేబు మీద పడవు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక భృతి) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు.

బీటెక్ బయోటెక్నాలజీ గురించి నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. పేరులో ఇంజినీరింగ్ ఉంది కాబట్టి పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి బాగుంటుంది. బ్రోషర్ల నిండా జీన్ ఎడిటింగ్ బొమ్మలు. లోపలికి వెళ్లి, ఒక్కో విద్యార్థి స్వయంగా పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టం) పట్టుకునే గంటలు వారానికి ఎన్ని అని అడిగితే జవాబు రాని కాలేజీలు నేను చూశాను. లక్షలు కట్టి చదివి, చివరికి సాఫ్ట్‌వేర్ శిక్షణలో చేరిన పిల్లలు నా ముందు కూర్చుని ఏడ్చారు. జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో పరిశోధన విభాగానికి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ వాళ్లను చూస్తారు. టీకాల తయారీలో సూక్ష్మజీవ పరీక్షల పనికి మైక్రోబయాలజీ డిగ్రీతోనూ దారి ఉంది. మంచి ప్రయోగశాల ఉన్న బీటెక్ కాలేజీ దొరికితే కాదనను. అలాంటివి తక్కువ.

ఉప్పు ఆర్కియా నిపుణులు కావాలని ప్రకటన ఇచ్చే కంపెనీ ఉండదు. ఆ జీవులను పెంచుతూ నేర్చే ప్రొటీన్ శుద్ధి, జన్యు విశ్లేషణ మాత్రం ఎక్కడికైనా పనికొస్తాయి.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా: సైన్స్ చదువు, పరిశోధనల జాతీయ సంస్థ అయిన తిరుపతి ఐసర్ లాంటి చోట సీటు వస్తే మరో ఆలోచన వద్దు. రాకపోతే నగరంలో మంచి ల్యాబ్ ఉన్న కాలేజీలో మైక్రోబయాలజీ, ఆపైన ఉస్మానియాలోనో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ. ఉప్పు మీదే మనసు నిలిస్తే గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఉంది. ప్రవేశ పరీక్షల వివరాలు మీ అమ్మాయికి ఇప్పటికే తెలిసి ఉంటాయి.

హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ సందర్శకులకు తలుపులు తెరిచే ఓపెన్ డే నాడు సెలవు పెట్టి ఆమెతో వెళ్లండి. అక్కడి శాస్త్రవేత్తలను ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి. కాలేజీ ఎంపిక గురించి ఆ తర్వాత నాకు రాయండి, ఈసారి ఉత్తరం ఆమె రాసినా సరే.