ఎర్రచందనం కాయలు మొలవకపోతే

లంకమల అభయారణ్యం అంచున నాటడానికి వేసిన ఎర్రచందనం కాయల్లో చాలావరకు మొలవలేదని, మొలిచినవీ మొదలు దగ్గర కుళ్లి వాలిపోతున్నాయని రాశారు. కాయను అలాగే పాతారు కదండీ, తేడా అక్కడే వచ్చింది. గింజ చుట్టూ ఉన్న రెక్కను కత్తిరించి, పేడనీళ్లలో 72 గంటలు నానబెట్టండి. ఎత్తు మడిలో ఇసుక కలిపి, సెంటీమీటరు లోతున పెట్టి, పైన పలచగా గడ్డి కప్పండి. 10-15 రోజుల్లో మొలకలు కనబడతాయి, ఆ వెంటనే గడ్డి తీసేయాలి.

కుళ్లు మాత్రం నీరు నిలవడం వల్లే. రాళ్ల గుట్టల్లో పుట్టిన చెట్టు, బురద దాని వేరుకు పడదు.

నాటే చోట లాంటానా కంపను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. నేలకు 3-5 సెంటీమీటర్ల కింద తల్లివేరు కోసి, మోడును తలకిందులుగా ఆరబెట్టండి.