లైసెన్స్ ఖరారు చేసే ముందు

అమ్మలూ,

ఉద్యోగం మానేసి సొంత కంపెనీ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెబితే పొంగిపోయాను. ఆ వెంటనే ఇంకో మాట అంది: "కోడ్ అందరికీ చూపిస్తుందట, క్లౌడ్ కంపెనీలు మాత్రం అమ్ముకోకూడదట, ఓపెన్ సోర్స్ అంటోంది." అక్కడే గుబులు పట్టుకుంది.

 

కోడ్ కనబడినంత మాత్రాన ఓపెన్ సోర్స్ అయిపోదే! ఎవరైనా, ఏ పనికైనా, పోటీ వ్యాపారానికైనా వాడుకోగలగాలి. ఒక్క రకం వాడకాన్ని అడ్డుకున్నా అది సోర్స్ అవైలబుల్, అంటే కోడ్ చూడొచ్చు కానీ వాడకానికి షరతులుంటాయి. అలా పెట్టడం తప్పేమీ కాదు. మరియాడీబీ అనే డేటాబేస్ వాళ్లు తెచ్చిన బిజినెస్ సోర్స్ లైసెన్స్ అలాంటిదే. దాని కింద ఒక్కో వెర్షన్ నాలుగేళ్లలోపు ఓపెన్ సోర్స్‌గా మారాలి. అది నచ్చితే మొదటి రోజే ఆ పేరే చెప్పు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, నేను పనిచేసిన ఒక కంపెనీలో జరిగింది నాకింకా మింగుడుపడలేదు. మా టూల్‌ని అపాచీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌తో విడుదల చేశారు. ఎక్కడెక్కడివాళ్లో ప్యాచ్‌లు, అంటే కోడ్‌కి సవరణలు, పంపారు. వాళ్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడు, తెలుగు అక్షరాలు రిపోర్టుల్లో విరిగిపోతుంటే సెలవులన్నీ కూర్చుని సరిచేశాడు. కొన్నేళ్లకు పెట్టుబడిదారుల ఒత్తిడి వచ్చింది, యాజమాన్యం లైసెన్స్ మార్చేసింది. అలా కోడ్ పంపిన కాంట్రిబ్యూటర్లతో, లైసెన్స్ మార్చుకునే హక్కు ఇస్తున్నట్టు ముందే సంతకం చేయించుకున్నారు కాబట్టి చట్టప్రకారం చెల్లింది. ఆ కుర్రాడు అప్పటికి చిన్న కంపెనీ పెట్టుకుని మా టూల్ మీదే సర్వీసు నడుపుతున్నాడు. "నేను రాసిన కోడ్ ఉన్న కొత్త వెర్షన్ నేనే వాడకూడదా సార్?" అని మెయిల్ రాశాడు. లీగల్ వాళ్లు రెండు లైన్ల జవాబిచ్చారు. ఆ తర్వాత అతని నుంచి ఒక్క ప్యాచ్ రాలేదు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు.

పెద్దవాళ్లకూ ఇదే అనుభవం. 2023 ఆగస్టులో, సర్వర్లను కోడ్‌తో ఏర్పాటు చేసే టెరాఫామ్ లైసెన్స్ మారితే, దాని పాత ఓపెన్ కోడ్ నుంచి ఓపెన్‌టోఫు అనే వేరు ప్రాజెక్టు పుట్టింది. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ లైసెన్స్ మారితే, రోజుల్లోనే లైనక్స్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ నీడన వాల్కీ అలాగే వేరుపడి మొదలైంది. 2025 మేలో రెడిస్ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌ని జతచేసి ఓపెన్ సోర్స్‌లోకి తిరిగొచ్చింది కానీ, వాల్కీ తన దారిన తాను సాగుతూనే ఉంది.

నన్నడిగితే నీకు ఏజీపీఎల్ సరిపోతుంది. నీ కోడ్ మార్చి నెట్‌వర్క్ మీద సర్వీసుగా నడిపేవాళ్లు ఆ మార్పులతో సహా మొత్తం సోర్స్ కోడ్ వాడుకదారులకు ఇవ్వాల్సిందే. మార్చకుండా నడిపితే అడ్డు ఉండదు, అది తెలిసే దిగు. ఆ లైసెన్స్ అంటే భయపడే కంపెనీలకు కమర్షియల్ లైసెన్స్ అమ్ముకో. అందుకు కాంట్రిబ్యూటర్ల అనుమతి కావాలి. తీసుకో, కానీ వాళ్లిచ్చిన కోడ్ ఓపెన్ లైసెన్స్ కిందా ఎప్పటికీ విడుదలవుతుందని అదే ఒప్పందంలో రాసివ్వు. ఈ వాక్యం లేకుండా ఎవరి సంతకమూ అడగకు, నామీద ఒట్టు.

చిన్నప్పటి నుంచీ నీకు తొందరెక్కువ, అదే నా బెంగ. ముసాయిదా నాకు పంపు. లాయర్ ఫీజు నేను కడతాను, మీ అమ్మకు చెప్పకు.

మామయ్య